ఎనిమిది మందిని స్కేటింగ్‌కి తీసుకెళ్తే ఐదుగురు గోడ వదల్లేదు, ఈసారి ఎలా?

తడ నుంచి తరమణి:

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ సలహా మాత్రం ఇవ్వండి.

మేం చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద వేరేవేరే ఆఫీసుల్లో పనిచేసే ఎనిమిది మందిమి. అందరం తెలుగువాళ్ళమే. నెలకోసారి శనివారం కలుస్తాం. కలిసినప్పుడల్లా సినిమా, కాకపోతే బిర్యానీ, కాకపోతే ఈసీఆర్ (సముద్రం పక్క రోడ్డు) పట్టుకుని మహాబలిపురం. అక్కడ ఆ కృష్ణుడి వెన్నముద్ద రాయిని చేత్తో ఆపుతున్నట్టు దిగిన ఫోటోలు నా ఒక్కడి ఫోన్లోనే పదకొండు ఉన్నాయి, ఈపాటికి ఆ రాయికే మా మొహాలు గుర్తుండిపోయి ఉంటాయి. అందుకని పోయిన నెల నేనే నోరు జారాను, స్కేటింగ్‌కి పోదాం, లైట్లు, పాటలు, భలే ఉంటుంది అని. చిన్నప్పుడు నాలుగేళ్ళు నేర్చుకున్నాలెండి, ఆ ధైర్యం.

హాల్లో కట్టిన రింక్, గంటకి మనిషికి నాలుగు వందలు, స్కేట్స్ వాళ్ళవే. మాలో ముగ్గురికి వచ్చు. మిగిలిన ఐదుగురూ జీవితంలో మొదటిసారి చక్రాల మీద నిలబడ్డారు. మేం ముగ్గురం మొదటి పాటకే మొదలెట్టేశాం, రౌండ్ల మీద రౌండ్లు, కాసేపటికి తిరిగి చూస్తే ఆ ఐదుగురూ గోడకి బల్లుల్లా కరుచుకుని ఉన్నారు. ఒకడు ఇరవై నిమిషాలకే స్కేట్స్ విప్పేసి బ్యాగుల దగ్గర కూర్చుని ఆఫీసు మెయిల్స్ చూసుకున్నాడు. శనివారం సాయంత్రం మెయిల్స్! మా వైజాగ్ అమ్మాయి మాత్రం పట్టుదలకి పోయి గోడ వదిలింది, నాలుగడుగులు బాగానే పోయింది, తర్వాత కాళ్ళు ముందుకెళ్ళాయి మనిషి వెనక్కొచ్చింది, చెయ్యి ఆనించింది, మణికట్టు వాచిపోయింది. ఎక్స్‌రే తీసి విరగలేదన్నారు, క్రేప్ బ్యాండేజీ కట్టి పంపారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. వారం పాటు గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు కూడా రాలేదు.

తమాషా ఏంటంటే, ఇప్పుడు దెబ్బ తగిలిన అమ్మాయే "మళ్ళీ ఎప్పుడు?" అని అడుగుతోంది. దెబ్బ తగలనివాళ్ళే రామంటున్నారు.

స్కేటింగ్ వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ కలిసి వెళ్తే అందరికీ బాగుండేలా ఎలా చెయ్యాలి? ఇంకోటి, రింక్‌కే వెళ్ళాలా, బెసంట్ నగర్ బీచ్ రోడ్డు లాంటి చోట తెల్లారుజామున ట్రై చెయ్యొచ్చా?

నాలుగు చక్రాలు:

బ్రో, కోపం తెచ్చుకోకు, తప్పు నీదే. ఐదుగురికి రాదని తెలిసి కూడా మీరు ముగ్గురూ మొదటి పాటకే వెళ్ళిపోయారు చూడు, అవుటింగ్ అక్కడే చెడింది. రింక్ తప్పు లేదు, స్కేట్స్ తప్పు లేదు. పెళ్ళికి పిలిచి వాళ్ళని గేటు దగ్గర వదిలేసి నువ్వెళ్ళి పంక్తిలో కూర్చున్నట్టు ఉంది.

నేను తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా, ఇలాంటి గుంపుల్ని చాలాసార్లు తీసుకెళ్ళా. స్కేటింగ్ వచ్చినవాళ్ళకి మొదటి అరగంట రౌండ్లు లేవు, అంతే, ముందే ఒప్పుకుని రావాలి. ఒక్కొక్కరికి ఒకరిద్దర్ని అప్పజెప్పు. నువ్వు స్కేట్స్ వేసుకుని పక్కనే మెల్లగా నడవాలి. ముందు నిలబడి రెండు చేతులూ పట్టుకుని లాగకు, లాగితే వాళ్ళు నడుము దగ్గర వంగిపోతారు, నువ్వు వదిలిన మరుక్షణం బొక్కబోర్లా పడతారు. పక్కన నిలబడి నీ ముంజేయి ఇవ్వు, వాళ్ళు దాని మీద అరచెయ్యి ఆనించుకుంటే చాలు, వేళ్ళు వేళ్ళు పెనవేసుకోవద్దు, ఒకరు పడితే రెండోవాళ్ళూ పోతారు.

గోడ పట్టుకున్నంతసేపూ స్కేటింగ్ రాదు. బరువంతా గోడ మీద ఉంటుంది, కాళ్ళు మాత్రం వాటి దారిన అవి పోతుంటాయి. గోడకి జానెడు దూరంలో నిలబడమను, అవసరమైతే చెయ్యి చాస్తే అందుతుంది, అంతే.

అన్నిటికంటే ముందు పడటం నేర్పించు. నిజంగా చెప్తున్నా. స్కేట్స్ వేసుకునే చోట మ్యాట్ గానీ కార్పెట్ గానీ ఉంటుంది, దాని మీద చక్రాలు పెద్దగా దొర్లవు, అక్కడే ప్యాడ్లు వేయించి ఒక్కొక్కర్ని నాలుగైదుసార్లు పడమను. మీ ఫ్రెండ్ వెనక్కి ఎందుకు పడిందంటే నిటారుగా నిలబడింది కాబట్టి, కొత్తవాళ్ళంతా అలాగే నిలబడతారు, భయమేస్తే ఇంకా బిగుసుకుంటారు. మోకాళ్ళు వంచాలి, కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయినట్టు. చేతులు ముందుకి, తనకి తన చేతులు కనబడుతుండాలి. పడిపోతున్నాం అనిపిస్తే ఇంకా కిందికి కూర్చుంటూ ఒక పక్కకి ఒరగాలి, లేదా మోకాలి ప్యాడ్ మీద ముందుకి వాలాలి. లేవడానికి ఒక మోకాలు నేల మీద, ఇంకో పాదం ముందు ఆనించి, రెండు చేతులూ ఆ మోకాలి మీద పెట్టి లేవాలి. ఎనిమిది మందీ వరసగా పడి లేస్తుంటే మీకే నవ్వొస్తుంది, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

అద్దె స్కేట్స్ క్వాడ్సే అయ్యుంటాయి, అంటే ముందు రెండు వెనక రెండు చక్రాలు. వాటికి ముందు రబ్బరు ముద్ద ఉంటుంది చూశావా, అది బ్రేకే గానీ స్పీడులో ఉండగా కాలి వేళ్ళ మీద లేచి నొక్కితే ఎగిరి అవతల పడతారు. ఆ కాలు వెనక్కి పెట్టి మెల్లగా రాయించాలి. ఇన్‌లైన్స్ అయితే, అంటే చక్రాలన్నీ ఒకే వరసలో ఉండేవి, బ్రేకు మడమ దగ్గర ఉంటుంది, మామూలుగా కుడికాలికే, ఆ కాలు కాస్త ముందుకి జరిపి వేళ్ళు పైకెత్తాలి. ఏది ఇస్తే దాని బ్రేకు ముందు చూపించి ఆ తర్వాతే లోపలికి వదులు.

వేళచ్చేరి ఫిజియో:

పైన చెప్పినవన్నీ కరెక్టే. మణికట్టు గురించి ఒక్క మాట. పడేటప్పుడు చెయ్యి ఆనించకుండా ఉండటం ఎవరి వల్లా కాదు, కాబట్టి రిస్ట్ గార్డ్స్ వేసుకోవాలి. అందులో అరచేతి కింద గట్టి ప్లాస్టిక్ బద్ద ఉంటుంది, చెయ్యి నేలకి తగలగానే అది జారుతుంది, మణికట్టు వెనక్కి విరుచుకోదు. మోకాలి ప్యాడ్లు వేసుకుని ఇవి మానేస్తారు చాలామంది. అద్దెకిచ్చే చోట లేకపోతే సొంతంగా ఒక జత కొనుక్కోండి. హెల్మెట్ ఎలాగూ ఉండాలి, వెనక్కి పడితే తల వెనక భాగమే తగిలేది.

మీ వైజాగ్ ఫ్రెండ్‌కి బొటనవేలి మొదట్లో, ఆ చిన్న గుంట పడే చోట నొక్కితే ఇంకా నొప్పి ఉందేమో చూడండి. అక్కడ స్కాఫాయిడ్ అని చిన్న ఎముక ఉంటుంది, అది చిట్లినా మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, అందుకే అనుమానం ఉంటే పది పదిహేను రోజులకి మళ్ళీ తీయిస్తారు. నొప్పి ఉంటే డాక్టర్ని అడిగాకే స్కేట్స్ ముట్టుకోమనండి.

బ్యాగుల కాపలా:

ప్రతి గ్రూపులోనూ బ్యాగులు కాపలా కాసేవాడు ఒకడుంటాడు. అది నేనే. నీ గ్రూపులో వాడి తరఫున మాట్లాడుతున్నా అనుకో.

నాకు చక్రాలు పడవు. రెండుసార్లు ప్రయత్నించా, ఒకసారి స్నేహం కోసం, ఒకసారి ఒకమ్మాయి కోసం, రెండుసార్లూ కూలబడ్డా. కానీ ఆ సాయంత్రాలు నాకిష్టం. నన్ను పట్టుకుని "రారా, ఏం కాదురా, నేనున్నాగా" అని లాగినప్పుడే విసుగొస్తుంది. మీవాడు మెయిల్స్ చూసుకున్నాడంటే వాడికి అక్కడ వేరే పనేం లేదని. నాకైతే పాటలు పెట్టే పని ఇచ్చారు, ఫోన్ నా చేతిలో, ఏ పాట కావాలన్నా నన్ను బతిమాలుకోవాలి. వీడియోలు కూడా నేనే. ఇప్పుడు నేను లేకపోతే వాళ్ళు వెళ్ళరు.

ఆగలేక పడిపోవడానికి సిగ్గుపడేవాళ్ళకి ఈ కథ చెప్పు. చక్రాల స్కేట్స్ మొదట చేసినవాళ్ళలో ఒకడిగా చెప్పుకునే జాన్ జోసెఫ్ మెర్లిన్ అని బెల్జియం మనిషి, 1760లలో లండన్‌లో ఉండేవాడు. ఒక పెద్దింటి పార్టీకి తన స్కేట్స్ వేసుకుని, వయొలిన్ వాయించుకుంటూ దిగాడట. గదిలోకి రావడం బాగానే వచ్చాడు, ఆగడం ఎలాగో ఆయన స్కేట్స్‌లో లేదు, తిన్నగా వెళ్ళి ఖరీదైన నిలువుటద్దానికి గుద్దుకుని అద్దం, వయొలిన్ రెండూ ముక్కలు చేసి తను కూడా గాయపడ్డాడని చెప్తారు. ఒంటిని ఒక పక్కకి వాలిస్తే ఆ పక్కకే తిరిగే స్కేట్స్ అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ చేతిలో వచ్చేసరికి 1863 అయింది, మీరు అద్దెకి తీసుకునే క్వాడ్స్‌కి తాత అదే. అంటే వందేళ్ళు జనం సరిగ్గా తిరగడం రాకుండానే దొర్లారు. మీవాళ్ళకి ఒక్క గంటకే ఎందుకంత బాధ?

నాలుగు చక్రాలు:

హహ, నీకు పాటల పని ఇచ్చినవాడికి దండం పెట్టాలి.

రింక్ పక్క అమ్మ:

తమ్ముడూ, మా అబ్బాయి స్పీడ్ స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు, ఐదేళ్ళుగా తెల్లారి ఐదున్నరకి రింక్ పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చోవడం నా ఉద్యోగం. ఇక్కడ స్కేటింగ్ అంటే పిల్లల ఆట అనే అనుకుంటారు. 2025 సెప్టెంబరులో మన చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ చైనాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 1000 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు, స్పీడ్ స్కేటింగ్‌లో మన దేశానికి అదే మొదటి ప్రపంచ టైటిల్, ఆ వారం మా రింక్‌లో పిల్లలు కాళ్ళు నేల మీద ఆననివ్వలేదు. అయినా మా ఆడపడుచు మాత్రం "ఎన్నేళ్ళు ఆ చక్రాలాట, లెక్కలు చూసుకోమను" అంటూనే ఉంది.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. బెంచీ మీద కూర్చుని కూర్చుని పోయినేడాది, నలభై ఒకటో ఏట, నేనూ మొదలెట్టా. ఇంకో ముగ్గురు తల్లులు తోడు. చీర కాదులే, చుడీదారే. భయం పడతామని కాదు, ఎవరైనా చూస్తారని. అందులోనూ బాగా వచ్చినవాళ్ళు చూస్తే మరీను. ఆరేళ్ళ పిల్ల సర్రున పక్కనుంచి పోతూ "ఆంటీ, నీ బెండ్ పణ్ణుంగ" అని అరవంలో అరిచింది, అంటే మోకాళ్ళు వంచమని. దానికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మీ ఐదుగురికీ అదే అయ్యుంటుంది, మీరు ముగ్గురూ రయ్యిమని పక్కనుంచి పోతుంటే వాళ్ళు గోడకి ఇంకా అతుక్కుపోయారు.

మేం నలుగురం ఏం చేశామంటే, ఎవరికీ రానివాళ్ళమే కాబట్టి ఎవరు ఎవర్నీ చూసేది లేదు, మేం పడినప్పుడల్లా లెక్కపెట్టుకునేవాళ్ళం. ఆ రోజు ఎక్కువసార్లు పడ్డవాళ్ళకి మిగిలిన ముగ్గురూ కాఫీ ఇప్పించాలి. మొదటి నెలంతా నాకు కాఫీ ఖర్చు లేదు. పిల్లలు లేని టైము, జనం తక్కువున్న టైము చూసుకుని వెళ్ళండి, శనివారం సాయంత్రం ఏడింటికి కొత్తవాళ్ళని తీసుకెళ్ళడం వాళ్ళకి శిక్షే. ఆదివారం పొద్దున అయితే రింకులు ఖాళీగా ఉంటాయి.

ఆ అమ్మాయి మళ్ళీ వస్తానందంటే నాకు ముచ్చటేసింది. తనని ముందు పెట్టుకో. నువ్వు పిలిస్తే రానివాళ్ళు తను పిలిస్తే వస్తారు.

మింట్ వీధి మూర్తి:

బీచ్ రోడ్డు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మాది మూడు తరాలుగా జార్జిటౌనే, నా తెలుగులో అరవం దొర్లితే సర్దుకోండి.

కొత్తవాళ్ళని బీచ్ రోడ్డుకి తీసుకుపోవద్దు. రోడ్డు చూడ్డానికి నున్నగా ఉంటుంది గానీ ఇసక పలచగా పరుచుకుని ఉంటుంది, కంటికి కనపడదు, చక్రం దాని మీదికెక్కితే జారుతుంది. పైగా వాకింగ్ పెద్దాళ్ళు, కుక్కలు, సైకిళ్ళు. స్కేటింగ్ వచ్చినవాళ్ళు మాత్రం ఆదివారం ఐదున్నరకల్లా ఇలియట్స్ బీచ్, అంటే అదే బెసంట్ నగర్ బీచ్, చేరితే, ఒడ్డునున్న ఆ ష్మిట్ స్మారకం వైపు గాలి ముఖానికి కొడుతూ, ఆ సుఖమే వేరు. ఏడు దాటితే జనం, ఎనిమిది దాటితే ఎండ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు, తడి రోడ్డు మీద పోవద్దు.

అద్దె స్కేట్స్ రోడ్డుకి పనికిరావు. రింక్ చక్రాలు గట్టిగా ఉంటాయి, 95ఏ అలా రాసుంటుంది, రోడ్డు మీద వాటితో పోతే పళ్ళు ఊడేలా అదురుతుంది. రోడ్డుకి మెత్తనివి కావాలి, 78ఏ నుంచి 82ఏ లోపు. కొనేటప్పుడు షాపువాడు బేరింగు మీద ఏబెక్ నంబరు చూపించి 7, 9 అని రేటు పెంచుతాడు. ఆ నంబరు బేరింగుని ఎంత కచ్చితంగా చేశారో చెప్తుంది, అంతే. మన బీచ్ ఇసక, ఉప్పుగాలి దానికి ఏబెక్ 3 అయినా 9 అయినా ఒకటే. నేను మొదటి జత బేరింగుల్ని రెండు నెలల్లో తుప్పు పట్టించా. ఇప్పుడు బీచ్‌కి పోయొచ్చిన ప్రతిసారీ తుడుస్తా, నెలకోసారి విప్పుతా. జతకి పదహారు ఉంటాయి. మూత తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఊరేసి కడిగి, పూర్తిగా ఆరాక ఒక్కోదానికి ఒక చుక్క కుట్టు మిషన్ నూనె. కొబ్బరినూనె పోసినవాణ్ణి చూశా, వాడి పేరు చెప్పను, మా తమ్ముడే. పోయినవాటికి బదులు బేరింగుల షాపులో 608 అంటే ఇచ్చేస్తారు, స్కేటింగ్ షాపుకే పోనక్కర్లేదు.

స్కేటింగ్ గంట, టిఫిను గంటన్నర. ఈ లెక్క తప్పకుండా చూసుకోండి, ఎవరూ అలిగి ఇంటికి పోరు.

తడ నుంచి తరమణి:

నెలన్నర తర్వాత వచ్చి రాస్తున్నా, మన్నించండి. అందరికీ పెద్ద థ్యాంక్స్, ముఖ్యంగా నన్ను తిట్టిన బ్రోకి.

ఫిజియో గారూ, తనకి మళ్ళీ ఎక్స్‌రే తీయించాం, ఏమీ లేదు, ఐదో వారం నుంచి స్కేట్స్ వేసుకోవచ్చన్నారు. అక్క చెప్పినట్టు పిలిచే పని తనకే అప్పజెప్పా. నేను పిలిచినప్పుడు ఒక్కడూ కదల్లేదు, తను "చెయ్యి విరగ్గొట్టుకోబోయిన దాన్ని నేనే వస్తున్నా, మీకేమైంది?" అని ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టేసరికి అందరూ సరే అన్నారు, ఒకడు తప్ప. వాడు ఊరెళ్ళాడు, నిజంగానే ఊరెళ్ళాడో లేదో అడగలేదు.

ఆదివారం పొద్దున వెళ్ళాం. మ్యాట్ మీద పడే కార్యక్రమం పావుగంట అనుకున్నది ముప్పావుగంట నడిచింది, ఎందుకంటే ఎవరు అందంగా పడతారని పోటీ మొదలైంది. రింక్ పిల్లవాడు వచ్చి "లోపలికి పోరా సార్?" అని అడిగాడు. మెయిల్స్ చూసుకున్నవాడికి పాటలు అప్పజెప్పాం. వాడు ఘంటసాల పెట్టాడు. చక్రాల మీద ఘంటసాల మామూలుగా ఉండదు, మెల్లగా పోవడానికి అంతకంటే మంచి పాట దొరకదు, మొత్తం రింక్ స్పీడు తగ్గింది.

అందరికీ వచ్చేసిందని మాత్రం అనను. ఇద్దరు ఇంకా గోడ వైపే. నెల్లూరు వాడు "నేను దోశకే వచ్చా" అని ముందే చెప్పేశాడు, చివరి పది నిమిషాలు మాత్రం లేచి నా ముంజేయి పట్టుకుని సగం రౌండ్ వచ్చాడు. పడ్డది ఎక్కువ ఎవరనుకున్నారు? నేనే. వెనక్కి స్కేటింగ్ చేసి చూపిస్తానని వెళ్ళి కూలబడ్డా, మూడుసార్లు, వీడియోతో సహా. కాఫీ పందెం నేనే గెలిచా.

మా వైజాగ్ అమ్మాయి ఒక పూర్తి రౌండ్ గోడ తాకకుండా వచ్చింది. ఆగడం మాత్రం నేనున్నచోటే ఆగింది, నన్ను గుద్దుకుని.

తను సొంతంగా క్వాడ్స్ కొనుక్కుంది, మూర్తి గారు చెప్పిన మెత్తని చక్రాలే. మూర్తి గారూ, బేరింగులు ఊడదీయడానికి ప్రత్యేకంగా పరికరం ఏదైనా కొనాలా? స్క్రూడ్రైవర్‌తో పొడుస్తున్నా, రావట్లేదు.

మింట్ వీధి మూర్తి:

అయ్యో, పొడవద్దు, మూత సొట్టపోతుంది. ఏమీ కొనక్కర్లేదు. నట్టు విప్పి చక్రం బయటికి తియ్యి. ఇప్పుడు ఇరుసు చివర బయటికి పొడుచుకుని ఉంటుంది కదా, చక్రాన్ని ఆ ఇరుసు కొన మీదికే సగం వరకు, మొదటి బేరింగు దాటేలా ఎక్కించి పక్కకి వంచి లాగు, బేరింగు టక్కున ఊడి ఇరుసు మీదే ఉండిపోతుంది. చక్రం తిప్పి రెండోదీ అలాగే. పదహారూ ఒక గిన్నెలో వేసుకో, ఆ మూతల చిన్న తీగె రింగులు మాత్రం గుడ్డ మీద పెట్టుకుని తియ్యి, ఎగిరి మంచం కింద పడితే ఇంక దొరకవు.